పడవెక్కని ఫ్రిజ్జు

గిలకలదిండి రేవులో కట్టేసి ఉన్న ఒక మరబోటుని తీసుకుని, అందులో ఏమేం ఉన్నాయో జాబితా రాద్దాం. డీజిల్ ఇంజను ఉంటుంది. వలని లాగే వించి ఉంటుంది. జీపీఎస్ ఉంటుంది. వైర్‌లెస్ సెట్టు, చాలా బోట్లలో నీటి అడుగున చేపల గుంపుల్ని చూపించే ఎకో సౌండరు కూడా ఉంటాయి. కలాసీల జేబుల్లో స్మార్ట్‌ఫోన్లు సరేసరి. ఫ్రిజ్జు మాత్రం ఉండదు. చేపలు దాచే గదిలో ఉండేది థర్మాకోలు, దాని మీద ఫైబరు పూత, లోపల ఐసు. అంతే.

మచిలీపట్నంలో మామూలు మధ్యతరగతి ఇంట్లో పెరుగు పులవకుండా ఉండటానికి ఒక యంత్రం ఉంది. లక్షల రూపాయల చేపని వారం రోజులు సముద్రం మీద కాపాడుకోవాల్సిన వాడి దగ్గర లేదు. దీనికి వెంటనే తట్టే జవాబు పేదరికం. ఆ జవాబు సగమే నిజం. ఇంజను కొన్నవాడు, జీపీఎస్ కొన్నవాడు ఫ్రిజ్జు ఎందుకు కొనలేదన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఏదైనా వ్యవస్థ ఇలా వింతగా కనిపిస్తే దాని పాత వెర్షన్లు తవ్వి చూడటం మాకు అలవాటు. ఈ వ్యాసం అలాంటి తవ్వకమే. పడవలో చల్లదనం చెడిపోతే ఏం చేశారు, ఎవరు బాగుచేశారు, నష్టం ఎవరు భరించారు అనేది ఇందులో చూద్దాం.

కుళ్ళని సరుకుల రేవు

బందరు అన్న మాటకి పారసీకంలో అర్థమే రేవు. 17వ శతాబ్దం మొదటి పదేళ్ళలో డచ్చివాళ్ళు ఇక్కడ కోఠీ పెట్టారు; 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఈ రేవు నుంచి బయటి దేశాలకి వెళ్ళిన సరుకుల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. అద్దకం బట్టలు, నేత గుడ్డలు, నీలిమందు, గోల్కొండ వజ్రాలు. అన్నీ నెలల తరబడి ఓడలో మగ్గినా కుళ్ళనివి. మచిలీపట్నం చరిత్ర అని మనం రాసుకున్నదంతా దాదాపుగా ఈ కుళ్ళని సరుకుల చరిత్రే. అదే తీరంలో, అదే నీళ్ళ మీద రోజూ పడవ వేసిన పల్లెకారుల సరుకు మాత్రం సాయంత్రానికి వాసన వేసేది. అందుకే అది రికార్డులకి ఎక్కలేదు. కోఠీ గుమాస్తా ఖాతాలో రాసుకోవడానికి చేప మర్నాటి దాకా నిలవాలి కదా.

నిలవబెట్టడానికి ఉన్న దారులు రెండే: ఎండ, ఉప్పు. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఉప్పుచేప. పప్పుచారులోకి ఉప్పుచేప నంజుకోవడం ఇప్పుడు మనకి రుచి. ఒకప్పుడు అది నిల్వ పద్ధతి. తీరం నుంచి లోపలి ఊళ్ళకి సముద్రం చేరిందంటే ఈ రూపంలోనే చేరింది.

ఎండ ఉచితం. ఉప్పు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్ళింది. సముద్రం ఒడ్డున కూర్చున్నవాడు కూడా పన్ను కట్టిన ఉప్పునే వాడాలి. చేప ధర కంటే దాన్ని ఊరబెట్టే ఉప్పు ధర ఎక్కువైతే ఏమవుతుంది? ఉప్పు తగ్గిస్తారు, చేప సగం కుళ్ళుతుంది, తిన్నవాడికి జబ్బు చేస్తుంది. 1873లో వచ్చిన ఫ్రాన్సిస్ డే నివేదిక భారతదేశపు సముద్ర చేపల గురించి రాస్తూ ఈ ఉప్పు గొడవని ప్రభుత్వం ముందు పెట్టింది. ఆ తరవాత మద్రాసు తీరం వెంట చేపలు ఊరబెట్టే యార్డులు పెట్టి, వాటి గోడల లోపల వాడే ఉప్పుకి పన్ను మినహాయించారు. 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్‌కి మత్స్య వ్యవహారాలు అప్పగించి, 1907లో ప్రత్యేక శాఖే ఏర్పాటు చేశారు.

ఈ యార్డుల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తరవాత కథంతా దీని నమూనాలోనే నడుస్తుంది కాబట్టి. చేపని నిలవబెట్టే శక్తి (అప్పుడు ఉప్పు, ఇప్పుడు ఐసు) పడవ మీద లేదు, ఒడ్డు మీద ఒక గోడ లోపల ఉంది. ఆ గోడకి ఒక తలుపు, ఆ తలుపు దగ్గర ఒక మనిషి.

మద్రాసుకి వచ్చిన అమెరికా మంచు

ఐసు మన తీరానికి మొదట పడవల కోసం రాలేదు. దొరల గ్లాసుల కోసం వచ్చింది.

బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచుని కోసి, వేడి దేశాలకి ఓడల్లో పంపి అమ్మొచ్చని 1806లోనే మొదలుపెట్టాడు. 1833లో ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్‌లో బయలుదేరి, నాలుగు నెలల తరవాత కలకత్తా చేరింది. దారిలో కరిగింది పోగా దాదాపు 100 టన్నులు మిగిలింది. భూమధ్యరేఖని దాటి, మళ్ళీ దాటి, సగానికి పైగా గడ్డ గడ్డగానే వచ్చిందన్నమాట. యంత్రం లేదు, కరెంటు లేదు. ఉన్నది రంపపు పొట్టు, ఓడ అడుగున చెక్కల రెండో గోడ, గాలి చొరబడని పేర్పు.

మద్రాసులో సముద్రం ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ వ్యాపారం మిగిల్చిన గుర్తు. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం కూడా అదే. థోరో తన ‘వాల్డెన్’లో, తన చెరువు మంచుని కోసి తీసుకుపోతున్న కూలీలని చూసి, మద్రాసు వాళ్ళు కూడా తన బావి నీళ్ళే తాగుతున్నారని మురిసిపోతాడు. సాహిత్యం చదివేవాళ్ళు ఆ పేజీలో గంగా జలం, వాల్డెన్ జలం కలవడం గురించి మాట్లాడతారు. నాకు ఆసక్తి కలిగించింది వేరే: ఆ గడ్డ మద్రాసు దాకా చేరగలిగిందన్న విషయమే.

1870లలో మద్రాసులోనూ కలకత్తాలోనూ ఆవిరి యంత్రాలతో ఐసు తయారుచేసే కంపెనీలు వచ్చాక అమెరికా మంచు ఆగిపోయింది. కానీ ట్యూడర్ నేర్పిన పాఠం మాత్రం పోలేదు. చల్లదనాన్ని తయారు చేయడం ఒక పని, దాన్ని మోయడం ఇంకో పని. రెండూ ఒకే చోట జరగాలని లేదు. రంపపు పొట్టు బదులు మన డెల్టాలో వరి ఊక వచ్చింది. అంతే తేడా. ఊక కప్పి, గోనె పట్టా చుట్టిన ఐసు గడ్డని సైకిలు మీదో రిక్షా మీదో తీసుకెళ్ళడం కృష్ణా జిల్లా ఊళ్ళలో పెరిగిన మా వయసు వాళ్ళకి కూడా తెలిసిన దృశ్యమే.

ఓడలో చెడిపోయిన యంత్రాలు

మరి యంత్రాన్నే ఓడెక్కించాలని ఎవరూ అనుకోలేదా? అనుకున్నారు. మునిగారు కూడా.

జేమ్స్ హ్యారిసన్ ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో పత్రికా సంపాదకుడు. అచ్చు అక్షరాలని ఈథర్‌తో తుడుస్తుంటే లోహం చల్లబడటం గమనించి, దాని వెంటపడి 1850లలో ఐసు తయారుచేసే యంత్రం కట్టాడని చెప్తారు. 1873లో ఆయన ‘నార్‌ఫోక్’ అనే ఓడలో 20 టన్నుల మాంసాన్ని లండన్ పంపాడు. ఆ ఓడలో ఆయన యంత్రాన్ని పెట్టలేదు. ఐసు, ఉప్పు కలిపిన ట్యాంకులు పెట్టాడు. ట్యాంకులు దారిలో కారిపోయాయి. మాంసం కుళ్ళింది, పారేశారు. హ్యారిసన్ దివాలా తీసి మళ్ళీ పత్రికల పనికి వెళ్ళిపోయాడు.

1876లో ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ టెల్యే ‘ఫ్రిగోరిఫిక్’ అనే ఓడలో యంత్రం పెట్టి రువాఁ నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కి మాంసం తీసుకెళ్ళాడు. ప్రయాణం 105 రోజులు. మాంసం చేరింది, తినగలిగారు కూడా. వ్యాపారంగా మాత్రం నిలబడలేదు.

ఇక మూడోది ‘డ్యునెడిన్’. చల్లదనం ఓడెక్కిన చరిత్రలో అసలైన మలుపు ఇదే, అసలైన రిపేరు కథ కూడా ఇదే. న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ రేవులో 1881 డిసెంబరులో గొర్రె మాంసం ఎక్కించడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకే కంప్రెసరు క్రాంక్ షాఫ్ట్ విరిగింది. అప్పటిదాకా ఎక్కించిందంతా దించి, ఊళ్ళో అమ్మేసి, యంత్రాన్ని బాగుచేయించి మళ్ళీ మొదలుపెట్టారు. 1882 ఫిబ్రవరి 15న ఓడ కదిలింది. అది తెరచాపల ఓడ; ఆవిరి యంత్రం ఉన్నది చల్లబరచడానికి మాత్రమే. దాని పొగ గొట్టం నుంచి నిప్పురవ్వలు ఎగిరి తెరచాపలకి అంటుకునేవి. ఉష్ణమండలానికి వచ్చేసరికి చల్లగాలి గదంతా సమంగా తిరగడం లేదని తెలిసింది. కెప్టెన్ జాన్ విట్సన్ స్వయంగా గాలి గొట్టంలోకి పాకి, రంధ్రాలు కోశాడు. చలికి కొయ్యబారిపోయి స్పృహ తప్పే స్థితికి వస్తే, అతని కాళ్ళకి తాడు కట్టి బయటికి లాగారు. 98 రోజులకి ఓడ లండన్ చేరింది. దాదాపు 5 వేల గొర్రెల్లో పాడైనది ఒక్కటే.

ఈ కథని సాధారణంగా విజయగాథగా చెప్తారు. గెలవడానికి ఏమేం కావలసి వచ్చిందో నేను లెక్క వేసుకుంటాను. షాఫ్ట్ విరిగింది ఇంకా రేవులో ఉండగానే, అది అదృష్టం. రిపేరు చేసే వర్క్‌షాపు ఆ ఊళ్ళో ఉంది. నష్టం భరించే పెద్ద భూముల కంపెనీ వెనక ఉంది. కెప్టెన్ ప్రాణాల మీదికి తెచ్చుకోవడానికి సిద్ధపడ్డాడు. నడిసముద్రంలో క్రాంక్ షాఫ్ట్ విరిగి ఉంటే మనం ఈ ఓడ పేరు వినేవాళ్ళం కాదు. 5 వేల గొర్రెలు ఉన్న ఓడ ఇంత హంగుని మోయగలదు. ఆరేడుగురు కలాసీలతో, వారం రోజుల వేటకి వెళ్ళే బోటు మోయగలదా?

యంత్రం ఒడ్డున, చల్లదనం పడవలో

స్వాతంత్ర్యం తరవాత మన దేశంలో ఈ ప్రశ్న మళ్ళీ వచ్చింది. 1952 ఒప్పందంతో మొదలైన ఇండో–నార్వీజియన్ ప్రాజెక్టు కేరళలో కొల్లం దగ్గరి ఊళ్ళకి మరపడవలు తెచ్చింది. ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ, చేపల్ని గడ్డకట్టించే ప్లాంటు కట్టింది. 1953లో కొచ్చి నుంచి గడ్డకట్టిన రొయ్యలు అమెరికాకి వెళ్ళడం మొదలైంది. తకళి ‘చెమ్మీన్’ రాసింది 1956లో. ఆ మాటకి అర్థం రొయ్య. అందులో పరీకుట్టి చేపలు ఎండబెట్టి అమ్మే చిన్న వ్యాపారి. పడవ, వల కొనడానికి డబ్బిచ్చి, బదులుగా చేపలు రావాలని చూసి, చితికిపోతాడు. అందరూ దాన్ని ప్రేమకథగానే చదువుతారు, తప్పు లేదు. కానీ ఆ నవల వచ్చేనాటికి పక్క జిల్లాలో ఐసు గడ్డలు తయారవుతున్నాయి. పరీకుట్టి లాంటివాళ్ళ చోటులోకి ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఎగుమతిదారు రాబోతున్నారు. ఎండబెట్టే కాలం చివరి రోజుల్ని తెలియకుండానే పట్టుకున్న నవల అది.

మన తీరంలో మరపడవలు పాబ్లో, రొయ్య, సొర్ర అన్న పేర్లతో వచ్చాయి. మొదట్లో ఇవి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేవి. 1980లలో విశాఖపట్నంలో ‘సోనా’ బోట్లు వచ్చాక వేట తీరు మారింది. సుమారు 13 మీటర్ల పొడవు, పెద్ద చేపల గది, రోజుల తరబడి సముద్రం మీదే ఉండే ఏర్పాటు. చిన్న బోటుకి ఇన్ని రోజులు ఉండే శక్తి ఇచ్చింది ఇంజనొక్కటే అనుకుంటాం. ఐసు గది లేకపోతే ఆ ఇంజనుతో రెండో రోజే ఇంటికి రావాలి. అదే విశాఖలో, విదేశాల నుంచి తెచ్చిన పెద్ద ట్రాలర్లకి మాత్రం లోపలే గడ్డకట్టించే యంత్రాలు ఉండేవి. వాటికి ఇంజనీర్లు, విడి భాగాలు, బ్యాంకు అప్పులు, కంపెనీలు ఉన్నాయి. అంటే ఒకే రేవులో రెండు రకాల చల్లదనాలు పక్కపక్కనే ఉన్నాయి. గిలకలదిండి, నిజాంపట్నం లాంటి రేవులు రెండో రకాన్ని, ఐసుని తీసుకున్నాయి.

ఐసు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ పని విభజన అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ తొట్టి ఉంటుంది. అమోనియా యంత్రం ఆ ఉప్పునీళ్ళని సున్నాకి పది డిగ్రీల దాకా దిగువకి చల్లబరుస్తుంది. ఉప్పు ఉండటం వల్ల అవి గడ్డకట్టవు. మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాల్ని వాటిలో ముంచుతారు. గడ్డ అంచుల నుంచి లోపలికి కడుతుంది. మందం రెట్టింపయితే పట్టే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. నీళ్ళలోని గాలి, లవణాలు అంచు నుంచి నెట్టుకుంటూ పోయి మధ్యలో చేరతాయి. గడ్డ నడుమ కనిపించే తెల్లటి చార అదే. తరవాత డబ్బా పైకి లేపి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచితే గడ్డ జారి వస్తుంది. మరలో వేసి పొడి చేసి బోటులోకి దించుతారు. ఇక ఉప్పు కథలో వింత మలుపు చూడండి. వందేళ్ళ కిందట చేపని నేరుగా కాపాడిన ఉప్పు, ఇప్పుడు తొట్టిలో కూర్చుని ఐసుని తయారుచేస్తోంది.

ఒక చిన్న లెక్క

మీ ఇంట్లో ఏసీ ‘ఒకటిన్నర టన్ను’ అంటారు కదా, ఆ టన్ను ఏంటి? ఏసీ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను (907 కిలోలు) ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో, అదీ ఒక టన్ను. యంత్రం వచ్చి ఐసుని తరిమేసినా, కొలత మాత్రం ఐసు పేరు మీదే మిగిలింది.

ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది. అంటే వెయ్యి కిలోల ఐసులో సుమారు 93 యూనిట్ల చల్లదనం ఉంది. దీన్ని బోటు మీద యంత్రంతో చేయాలంటే, మంచి యంత్రమైతే దాదాపు 46 యూనిట్ల కరెంటు కావాలి. మామూలు 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకదానిలో ఉండేది 1.2 యూనిట్లు. అంటే 38 బ్యాటరీలు. సరే, జనరేటరు పెడదాం. లీటరు డీజిలుకి మూడు యూనిట్లు వేసుకున్నా 15 లీటర్లు చాలు. ఇదేమంత ఖర్చు కాదు! ఇక్కడిదాకా లెక్క యంత్రం వైపే ఉంది.

తేడా వచ్చేది వేగంలో. వలలో ఒకేసారి వెయ్యి కిలోల చేప పడిందనుకోండి. సముద్రపు నీరు 30 డిగ్రీల దగ్గర ఉంది. ఆ చేపని నాలుగు గంటల్లో సున్నాకి దింపాలంటే రెండు టన్నుల యంత్రం పూర్తి జోరుగా నడవాలి. మిగతా సమయమంతా దానికి అంత పని ఉండదు. ఐసుకి ఈ బాధ లేదు. ఎంత చేప వేస్తే అంత వేగంగా కరుగుతుంది. పైగా కరిగిన నీరు చేప ఒంటికి అంటుకుని జారుతూ వేడిని తీసుకుపోతుంది, తడిని నిలుపుతుంది. చల్లగాలి ఆ పని నిదానంగా చేస్తుంది, చేపని ఎండబెడుతుంది కూడా. లెక్క ప్రకారం మూడు కిలోల చేపకి ఒక కిలో ఐసు చాలు; కానీ మన ఎండల్లో, కారిపోయే వేడిని కూడా కలుపుకుంటే, కిలోకి కిలో వేసుకోమంటారు.

అసలు తేడా చెడిపోవడంలో ఉంది. షికారు పడవల్లో చిన్న ఫ్రిజ్జులు వాడే పాశ్చాత్య దేశాల వాళ్ళకి వీటి జబ్బులన్నీ కంఠతా వచ్చు. తీగ సన్నదైతే కంప్రెసరుకి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది, యంత్రం మొదలవుతుంది, ఆగుతుంది. ఉప్పుగాలికి కండెన్సరు తుప్పు పడుతుంది. ఇంజను అదురుకి రాగి గొట్టాల అతుకుల దగ్గర పగులు వస్తుంది. చల్లబరిచే సముద్రపు నీటి పైపులో నాచు అడ్డుపడుతుంది. మన మెకానిక్ ‘గ్యాసు అయిపోయింది’ అంటాడు గానీ, మూసి ఉన్న గొట్టాల్లో గ్యాసు ఖర్చయ్యేది కాదు. పోయిందంటే ఎక్కడో కారుతోందనే. కారే చోటు పట్టకుండా గ్యాసు ఎక్కిస్తే మళ్ళీ నెలకి అదే కథ. 1987 మాంట్రియల్ ఒప్పందం తరవాత పాత ఆర్-12 గ్యాసు ఆగిపోయినప్పుడు, చాలామంది పడవల వాళ్ళకి ఇదొక పెద్ద తలనొప్పి అయింది. కొత్త ఆర్-134ఏ పాత యంత్రంలోని నూనెతో కలవదు. రిపేరు చేయాలా, మొత్తం మార్చాలా అన్న ప్రశ్నకి ఎక్కువసార్లు మార్చడమే జవాబైంది.

యంత్రం ఆగిందంటే మొత్తం ఆగినట్టే. ఐసు పెట్టె అలా ఆగదు. మూత సరిగా పడకపోతే రెండు రోజుల ముందు ఖాళీ అవుతుంది. థర్మాకోల్లోకి నీరు దిగితే మూడు రోజుల ముందు. కలాసీ చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది ఎంత మిగిలిందో. దాన్నిబట్టి వేట కుదించుకుని వెనక్కి తిరగొచ్చు. మా సాఫ్ట్‌వేరు వృత్తిలో ఇలాంటి గుణం కోసం చాలా కష్టపడతాం: కూలితే ఒక్కసారిగా కాకుండా, ముందే చెప్తూ, మెల్లగా కూలాలి. ఐసుకి అది పుట్టుకతోనే ఉంది. గిలకలదిండి వాళ్ళు ఫ్రిజ్జు కొనకపోవడం వెనకబాటు అనుకోవడానికి నాకు మనసొప్పదు. వాళ్ళు తీసుకున్నది సరైన ఇంజనీరింగు నిర్ణయం.

చల్లదనం ఎవరిది?

ఇక్కడితో ఆపేస్తే ఇది ఐసు పొగడ్త అవుతుంది. ఐసుకి ఇంకో ముఖం ఉంది.

యంత్రం ఒడ్డున ఉందన్నాను. అంటే యంత్రం యజమాని కూడా ఒడ్డునే ఉన్నాడు. వేటకి వెళ్ళేముందు బోటుకి డీజిలు కావాలి, ఐసు కావాలి, బియ్యం ఉప్పు పప్పు కావాలి. ఈ పెట్టుబడి చాలా రేవుల్లో చేపలు కొనే వ్యాపారో, కమీషను ఏజెంటో ముందుగా ఇస్తాడు. తిరిగి వచ్చాక సరుకు అతని ద్వారానే అమ్మాలి. పాట అందరి ముందే జరిగినా, అప్పున్నవాడి సరుకు ధర అప్పుని కూడా మోస్తుంది. ఉప్పు యార్డు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఇప్పుడు ఐసు బిల్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా తక్కువగా రాశారు. చేప ఆ రోజే అమ్మాల్సిన కాలంలో గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది ఆడవాళ్ళే. మిగిలింది ఉప్పు వేసి ఎండబెట్టేదీ వాళ్ళే. చేప తొందరగా కుళ్ళడం ఒక రకంగా వాళ్ళకి బేరమాడే బలం ఇచ్చింది: ఒడ్డున వెంటనే కొనేవాళ్ళు వాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. ఐసు వచ్చాక చేప ఆగగలిగింది. ఆగగలిగిన చేప లారీ ఎక్కగలిగింది. వంజరం, చందువా, పెద్ద రొయ్య లాంటి ఖరీదైన రకాలు రేవు నుంచి నేరుగా దూరపు మార్కెట్లకి వెళ్ళాయి. గంపలోకి వచ్చేవి మిగిలిన చిన్న రకాలు. ఐసు చేప ఆయుష్షుని పెంచింది. దాంతోపాటు చేప ఎవరి చేతిలో ఉండాలన్నదాన్నీ మార్చేసింది.

1980ల నుంచి కొల్లేరు చుట్టుపక్కల, గుడివాడ, కైకలూరు ప్రాంతాల్లో చేపల చెరువులు పెరిగి, బొచ్చె, శీలావతి ఐసులో పేర్చుకుని కలకత్తా వైపు లారీల్లో వెళ్ళడం మొదలయ్యాక డెల్టాలో ఐసు పెద్ద వ్యాపారమైంది. ఆ తరవాత రొయ్యల చెరువులు. ఫ్యాక్టరీలు దగ్గరికి వచ్చాయి, అది లాభమే. కానీ ఇప్పుడు అదే గడ్డ కోసం బోటువాడు, చెరువువాడు ఇద్దరూ నిలబడతారు.

ఇంకొకటుంది. ఈ తీరం 1977 నవంబరు 19 ఉప్పెనని చూసిన తీరం. దివిసీమలో వేలమందిని తీసుకుపోయిన రాత్రి అది. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు వస్తున్నాయి, బోట్లు ముందే రేవుకి చేరుతున్నాయి. కానీ తుఫాను ఛాయ పడిందంటే మొదట పోయేది కరెంటు. కరెంటు పోతే ఫ్యాక్టరీ తొట్టి ఆగుతుంది. అందరి చల్లదనం ఒకే చోట తయారైతే, అందరిదీ ఒకేసారి ఆగుతుంది. పడవలో తప్పించుకున్న ఒక్కసారిగా కూలే గుణం, ఒడ్డు మీద అలాగే ఉంది.

రిపేరా, కొత్తదా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. 2015కి ముందు ఇది 47 రోజులు ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలం అని నిషేధం పెట్టారు గానీ, బోట్లకి అది రిపేర్ల కాలం కూడా. ఇంజను విప్పడం, రంగులు వేయడంతోపాటు చేపల గది లోపలి పూత చూడటం కూడా అప్పుడే. పూతలో చిన్న పగులుంటే కరిగిన నీరు లోపలికి దిగి థర్మాకోలు తడుస్తుంది. తడిసిన థర్మాకోలు గోడ చల్లదనాన్ని ఆపలేదు, బరువు మాత్రం పెంచుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఐసు రెండు రోజులు ముందుగా అయిపోతున్నదంటే కారణం అక్కడ ఉంటుంది. ఆ భాగం కోసి తీసి, ఆరబెట్టి, కొత్త పలక పెట్టి, ఫైబరు గుడ్డ, రెజిన్ వేసి మూయాలి. ఇదీ మన తీరపు ‘పడవలో ఫ్రిజ్జు రిపేరు’. దీనికి గ్యాసు అక్కర్లేదు, కంపెనీ ఇంజనీరు అక్కర్లేదు. రేవులో పడవలు కట్టేవాళ్ళకి వచ్చిన పనే.

ఐసు పెట్టెని తీసేసి యంత్రం పెట్టాలన్న ఆలోచనలు మళ్ళీ వస్తున్నాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 2016లో తెచ్చిన ‘సాగర్ హరిత’ అనే నమూనా బోటులో సముద్రపు నీటిని చల్లబరిచి, అందులో చేప నిలవ చేసే ట్యాంకు పెట్టారు. లోతు సముద్రానికి, ఎక్కువ రోజులకి వెళ్ళే బోట్లకి ఇది పనికొస్తుంది. అక్కడ ఐసు బరువే ఒక సమస్య. కానీ రాయితీ ఇచ్చి యంత్రం బిగించేవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి: ఇది మూడో రోజు రాత్రి ఆగిపోతే దీన్ని ఎవరు, ఏ రేవులో, ఏ విడి భాగంతో బాగుచేస్తారు? ‘డ్యునెడిన్’కి పోర్ట్ చామర్స్‌లో వర్క్‌షాపు ఉంది. ఆ ప్రశ్నకి జవాబు లేకుండా ఇచ్చిన యంత్రం ఒక సీజను తరవాత బోటు మూలన తుప్పు పడుతుంది, అప్పు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

నా వరకు నేను ముందు బాగుచేయవలసిన వాటిని ఇలా పెట్టుకుంటాను. తాగే నీటితో చేసిన ఐసు. మురికి నీళ్ళ ఐసు చేపని చల్లబరుస్తూనే పాడుచేస్తుంది. రేవులోనే, మత్స్యకారుల సంఘాల చేతిలో ఉండే ఐసు ఫ్యాక్టరీ, దానికి సొంత జనరేటరు. గంప ఎత్తే ఆడవాళ్ళకి మూత బిగుతుగా పడే చిన్న ఐసు పెట్టెలు. ఇవేవీ కొత్త కనిపెట్టుళ్ళు కావు, ఫోటోలకి బాగుండవు కూడా.

అన్నిటికంటే ముందు మొగ. గిలకలదిండి సముద్రం ఒడ్డున నేరుగా లేదు. కాలువలోంచి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాలి. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే, చేపలతో నిండి బరువెక్కిన బోటు పోటు వచ్చేదాకా బయటే కాచుకోవాలి. ఆ గంటల్లో ఐసు కరుగుతూనే ఉంటుంది. వేట అయిపోయింది, రేవు కనిపిస్తోంది, చేప వయసు పెరుగుతోంది. ఇటీవల రాష్ట్ర ప్రభుత్వం ఉప్పాడ, నిజాంపట్నం, జువ్వలదిన్నెలతోపాటు మచిలీపట్నం హార్బరు పనులు కూడా చేపట్టింది. ఆ పనుల్లో భాగంగా మొగని లోతు చేయడాన్ని మనం రవాణా పద్దులో రాసుకుంటాం. ఐసు లెక్క తెలిసినవాళ్ళు దాన్ని చల్లదనం పద్దులో కూడా రాయాలి. ఆరు గంటలు బయట కాచుకునే అవసరం తప్పిందంటే, ఆ ఆరు గంటల ఐసు ఎవరూ తయారుచేయక్కర్లేదు, ఎవరూ అప్పు తెచ్చి కొనక్కర్లేదు.